తాళంచెవికి లామినేషన్

ఇది చదివాక నా దుకాణానికి రావడం మానేస్తానంటే మానేయండి. నాకూ కాస్త నడుం వాల్చే తీరిక దొరుకుతుంది. ఆర్మూర్ బస్టాండ్ ఎదురుగా పన్నెండేళ్ళుగా ఒకే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వేలిముద్ర పడని ముసలమ్మలకూ, ఓటీపీ రాని మొగుళ్ళకూ, పాస్‌పోర్టులో తండ్రి పేరు తప్పుపడిన పిల్లలకూ సమాధానం చెప్పీ చెప్పీ అలసిపోయిన మనిషిని నేను. అలాంటి నేను ఒకప్పుడు హుషారైన కుర్రవాణ్ణి. ఆ హుషారుతోనే ఒక పసుపు రైతుల సంఘాన్ని మూడు రోజుల్లో నిండా ముంచబోయాను. ఎలాగో చెబుతాను. నవ్వేవాళ్ళు నవ్వండి, నాకిప్పుడు రోషం కూడా రావడం లేదు.

అప్పటికి ఈ ఆన్‌లైన్, జిరాక్స్ దుకాణం పెట్టి రెండేళ్ళు. ఆ వయసులో నాకొక జబ్బుండేది. "నాకు తెల్వదు" అనే మాట గొంతులోంచి బయటికి వచ్చేది కాదు. ఎవరు ఏమడిగినా "అదెంత పని, ఇట్లా చేసిస్త" అనేవాణ్ణి. పక్క హోటలాయన ఒకసారి ఫ్రిజ్ చల్లబడటం లేదని అడిగితే దానికి కూడా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్యాలన్నాను. పాపం నమ్మాడు.

ఆ రోజుల్లో ఒక మంగళవారం పొద్దున గంగారెడ్డి కాక వచ్చాడు. వేల్పూర్ దిక్కు పసుపు రైతులంతా కలిసి పెట్టుకున్న సంఘానికి ఆయన చైర్మన్. అరవై దాటిన మనిషి, తెల్ల అంగీ, జేబులో రెండు పెన్నులు. పసుపు ధర గురించి మాట్లాడితే తప్ప గొంతు పెంచడు. ఆ రోజు మాత్రం వస్తూ వస్తూనే పెంచాడు.

"రాజేశ్, పని అయింది బిడ్డా! హైదరాబాద్ మసాలా కంపెనీ మన పసుపు సీదా మన దగ్గర్నే కొంటదట. మార్కెట్ యార్డు లేదు, దళారి లేదు. గాళ్ళ వెబ్‌సైట్ల మనం పోయి ఆర్డర్ ఒప్పుకోవాలె. శనివారం సాయంత్రం దాకనే టైమున్నది."

"ఒప్పుకుంటే అయిపాయె గదా కాకా, బటన్ నొక్కుడే."

"నొక్కుడే గాని, దానికి ముంగట ఏందో సర్టిఫికెట్ గావాలెనట. గదుంటెనే తలుపు తెరుస్తదట. గా కంపెనీ మేడం పంపింది. ఇగో మాట్లాడు."

ఫోన్‌లో అవతల స్రవంతి మేడం. కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూసే ఆవిడ. మెత్తగా, తొందరగా మాట్లాడింది. "రాజేశ్ గారూ, పీఈఎం ఫైలు మెయిల్ చేశామండి. మీరు దాన్ని పీఎఫ్ఎక్స్‌గా మార్చుకుని సంఘం కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసుకోవాలి. తెలుసు కదా?"

"ఆఁ, తెలుసు మేడం! మేం రోజూ చేసే పనే."

ఆ రెండు పొడి అక్షరాల పేర్లు పుట్టి బుద్ధెరిగాక నేను విన్నది అదే మొదటిసారి.

ఇక్కడ మీకు కొంచెం చదువు చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. నేను పట్టలేదా? డిజిటల్ సర్టిఫికెట్ అంటే "ఫలానా సంఘం వీళ్ళే" అని పెద్దమనిషి సంతకం పెట్టిచ్చిన చీటీ లాంటిది. అది నలుగురికీ చూపించొచ్చు. దానికి జోడీగా ఒక కీ ఉంటుంది, అంటే తాళంచెవి. అది చచ్చినా ఎవరికీ చూపించకూడదు. ఈ రెంటినీ దాచుకోవడానికి రకరకాల ఫైళ్ళున్నాయి. సీఆర్‌టీ, సీఈఆర్, పీఈఎం, డీఈఆర్, పీఎఫ్ఎక్స్, పీ12. మన ఊళ్ళో ఒకే మనిషికి ఇంట్లో ఒక పేరు, రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటుంది చూడండి, వీటిదీ అదే కథ. కొన్నిట్లో చీటీ ఒక్కటే ఉంటుంది. పీఎఫ్ఎక్స్‌లో చీటీ, తాళంచెవి రెండూ ఉంటాయి గానీ పాస్‌వర్డ్ పెట్టి మూత బిగించిన డబ్బాలో ఉంటాయి. పీఈఎం మాత్రం బోళాది. ఏది పెడితే అది ఉత్త అక్షరాలుగా, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనబడేలా, పట్టుకుని కూర్చుంటుంది. మేడం పంపిన దాంట్లో రెండూ ఉన్నాయి.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నాకు తెలిస్తే ఈ కథే లేదు.

మధ్యాహ్నం దాకా యూట్యూబ్ వీడియోలు చూసి, ఎవరో హిందీలో చెప్పింది సగం అర్థం చేసుకుని, పీఈఎంను పీఎఫ్ఎక్స్ చేశాను. వేల్పూర్ వెళ్ళి సంఘం కంప్యూటర్‌లో వేశాను. కంపెనీ పోర్టల్ తెరుచుకుంది, సంఘం పేరు కనబడింది. అక్కడితో లేచి ఇంటికి పోయుంటే నేనొక మేధావినే. లేవలేదు.

"అయిందా?" అన్నాడు కాక.

"అయింది కాకా. సర్టిఫికెట్ లోపల కూసున్నది."

"లోపల కూసుంటె ఎట్ల? ఏది, చూపియ్యి."

"అది కంప్యూటర్‌ల ఉంటది కాకా, కనబడది."

కాక ముఖం చిన్నబోయింది. "గట్ల గాదు బిడ్డా. రేపు బుధవారం సభ్యులొస్తరు. సగం మంది యార్డుకు తోలకుంట నా మాట మీద పసుపు ఇండ్లల్ల ఆపుకున్నరు. గాళ్ళకు ఏం చూపియ్యాలె? కులం సర్టిఫికెట్ కాయితం మీద ఇస్తరు, పహాణీ కాయితం మీద ఇస్తరు, సచ్చినంక గూడ సర్టిఫికెట్ కాయితం మీదనే ఇస్తరు. గిదొక్కటి గాలిల ఉంటదా?"

నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ సబబుగానే తోచింది. మా ప్రాంతంలో సర్టిఫికెట్ అంటే ఒక పద్ధతుంది. చేతికి రాగానే ముందు లామినేషన్, తర్వాత మూడు జిరాక్స్‌లు, వాటి మీద గెజిటెడ్ సంతకం. అది చేయని సర్టిఫికెట్‌ను, పెళ్ళి కాని పిల్లాణ్ణి చూసినట్టు, ఎక్కడికెళ్ళినా అనుమానంగానే చూస్తారు. పైగా లామినేషన్ నా తిండి.

"అదెంత పని!" అన్నాను.

దుకాణానికి వచ్చి పీఈఎం ఫైలు తెరిచాను. పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. కింది ముక్క మీద సర్టిఫికెట్ అని ఇంగ్లీషులో ఉంది. పై ముక్క మీద ఇంకేదో ఉంది. పై ముక్క తీసేద్దామా అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్న పాఠం అడ్డొచ్చింది. ఒక్క పేజీ తక్కువైనా, ఒక్క వెనకవైపు జిరాక్స్ లేకపోయినా దరఖాస్తు తిప్పి పంపుతారు. ఎక్కువైతే ఎవరూ ఏమీ అనరు. అందుకని రెండూ ఉంచాను. అక్షరాలు చిన్నగా ఉంటే పెద్దవాళ్ళకు కనబడవని సైజు పెంచాను. చుట్టూ పసుపు రంగు అంచు, మూలలకు పువ్వులు, పైన సంఘం పేరు. పెద్ద కాగితం మీద ప్రింటు, దాని మీద లామినేషన్. ఆ మెయిల్ చివర ఎర్రక్షరాల్లో నాలుగు లైన్లున్నాయి. "చివర్లో ఎప్పుడూ థాంక్యూలే ఉంటాయి" అని చదవలేదు.

మూడు జిరాక్స్‌లను కాక తనకు తెలిసిన ఒక హెడ్మాస్టర్ దగ్గరికి తీసుకెళ్ళి, ఒరిజినల్‌తో సరిచూసినట్టు సంతకం, ముద్ర వేయించుకొచ్చాడు. ఆ గజిబిజి అక్షరాలన్నీ ఆయన ఎలా సరిచూశాడో ఆ పరమాత్ముడికే ఎరుక.

బుధవారం దాన్ని అద్దాల ఫ్రేములో బిగించి ఆఫీసు గోడకు తగిలించారు. బంతిపూల దండ వేశారు. బొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టారు. అందరూ దాని ముందు నిలబడి ఫోటో దిగారు. ఫోటోలో అక్షరాలు స్పష్టంగా రావాలని నేను దగ్గరగా ఇంకోటి తీసి సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అక్కడినుంచి అది ఊరి గ్రూపుకు, పొలం మందుల గ్రూపుకు పోయింది. సభ్యుల కొడుకులు, అల్లుళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు కదా, దుబాయ్ గ్రూపుకు, మస్కట్ గ్రూపుకు కూడా పోయింది. అక్కణ్ణుంచి దండాలు పెట్టే బొమ్మలు వచ్చాయి. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. మా గుట్టు లంకలో ఆగలేదు, అరేబియా సముద్రం దాటింది.

శుక్రవారం పొద్దున స్రవంతి మేడం వీడియో కాల్ పెట్టింది. ఆర్డర్ ఒప్పుకునే ముందు అంతా సరిగా ఉందో లేదో చూడటానికట. నేను లాప్‌టాప్ సర్ది, కాకను మధ్యలో కూర్చోబెట్టాను. పక్కన నర్సవ్వ కూర్చుంది. నర్సవ్వ భర్త పోయాక ఒంటరిగా పసుపు పండించే మనిషి. తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం, పాలిష్ పట్టించడం, అన్నీ తానే దగ్గరుండి చేయిస్తుంది. సంఘంలో కాకను ఎదురు ప్రశ్నించే ఒకే ఒక్క సభ్యురాలు. ఆ ఏడాది పంటంతా ఇంట్లోనే ఆపుకుంది.

మేడం నవ్వుతూ మొదలుపెట్టి మధ్యలో ఆగింది. "సార్, మీ వెనకాల గోడ మీద ఏంటండీ అది? దండ వేసి ఉంది..."

"గదేనమ్మా మీరిచ్చిన సర్టిఫికెట్!" కాక ఛాతీ ఉబ్బింది. లేచి ఫ్రేము దించి, అంగీ కొసతో అద్దం తుడిచి, కెమెరా ముందు పెట్టాడు. "జర మంచిగ చూడు బిడ్డా."

ఆవిడ మంచిగానే చూసింది.

"రాజేశ్ గారూ, ఉన్నారా? ఆ పై లైను కొంచెం చదువుతారా?"

నా ఇంగ్లీషు చూపించుకునే అవకాశం వచ్చిందని గొంతు సవరించుకుని చదివాను. "బిగిన్ ప్రైవేట్ కీ."

"ఇంకోసారి."

"బిగిన్... ప్రైవేట్..." మూడో మాట నోట్లోనే ఉండిపోయింది. కీ అంటే తాళంచెవి అని ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. నాకు అప్పుడే తెలిసింది.

"ఇది ఇంకెవరైనా చూశారా?" మేడం గొంతులో మెత్తదనం పోయింది.

నేను నోరు తెరిచేలోపే కాక ఉత్సాహంగా అందుకున్నాడు. "అందరు చూసిండ్రమ్మా! మూడు జిరాక్సులు గూడ ఉన్నయి, గెజిటెడ్ సంతకంతోని. గ్రూపులల్ల పెట్టినం. దుబాయ్, మస్కట్ దాక పోయింది. నువ్వు ఫికర్ చెయ్యకు, మా దగ్గర పోయినా గూడ ఎవలనడిగినా మల్ల దొరుకుతది!"

తెర మీద మేడం బొమ్మ కదలడం లేదు. నెట్ పోయిందేమోనని నేను ఆశగా చూశాను. పోలేదు. మామూలుగా గంటకు నాలుగు సార్లు పోయే నెట్ ఆ రోజు రాయిలా నిలబడింది.

"సార్," అంది చివరికి, "సర్టిఫికెట్ అంటే మీ ఇంటి ముందు బోర్డు. దాన్ని ఎవరైనా చూడొచ్చు. మీరు బోర్డుతో పాటు తాళంచెవి కూడా గోడకు కొట్టారు. ఇది ఎవరి దగ్గరుంటే వాళ్ళు మీ పేరుతో లోపలికి రావచ్చు. ఆర్డర్ ఒప్పుకోవచ్చు, కాదనొచ్చు. దీన్ని ఇప్పుడే రద్దు చేస్తున్నాను. కొత్తది ఇవ్వాలంటే మా దగ్గర విచారణ ఉంటుంది. వారం పడుతుంది."

"వారమా? రేపే గదా ఆఖరు రోజు?" అన్నాడు కాక.

"అవునండీ. ఆర్డర్ వేరేవాళ్ళకు వెళ్తుంది. సారీ."

కాక ఫ్రేమును నెమ్మదిగా బల్ల మీద బోర్లించాడు. నా వైపు చూడలేదు. చూసి నాలుగు తిట్టుంటే బాగుండేది. నూటికి పైగా ఇళ్ళలో పసుపు బస్తాలు ఈ మనిషి మాట మీద ఆగి ఉన్నాయి, ఈ మనిషి నా మాట మీద ఆగి ఉన్నాడు, నేనేమో నాకు తెలియని దాన్ని తెలుసన్నాను. ఏడుపు వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చాను.

"మేడం, మేం అన్ని గ్రూపులల్ల డిలీట్ చేపిస్తం," అన్నాను. చేతులు కాలాక జిరాక్స్‌లు చించడమంటే ఇదే.

"దానివల్ల లాభం లేదండీ. ఎంతమంది దాచుకున్నారో ఎవరికి తెలుసు?"

అప్పుడు నర్సవ్వ లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది.

"బిడ్డా, నేనొక మాట అడుగుత. నాకు కంప్యూటర్ తెల్వది. ఇంటి తాళంచెవి పోయిందనుకో, ఏం జేస్తం?"

"తాళం మారుస్తామమ్మా."

"ఇల్లు కూలగొట్టుకుంటమా?"

నర్సవ్వ జవాబు కోసం ఆగలేదు.

"మరి తాళం మార్చు. పాతది నువ్వు బంద్ పెట్టినవు గదా, ఇగ గా ఫోటో ఉంటె ఏంది, లేకుంటె ఏంది? ఎవలన్న లోపటికొచ్చిండ్రా, ఏమన్న ఎత్తుకపోయిండ్రా, నువ్వే చూసి చెప్పు. దొంగతనం జరిగితె వారం కాదు, నెల విచారణ చెయ్యి. జరగకుంటె, గీ పోరని తెలివితక్కువతనానికి నా పసుపు ఎందుకు ఆగాలె? మొగులు పట్టింది. వాన గిట్ల కొట్టిందంటె ఇంట్ల పెట్టుడెట్ల? యార్డుకు తోలాల్నా, వద్దా? గదొక్కటి చెప్పు."

నా గురించి అన్న మాటకు నేను తల ఊపాను. కాదనడానికి ఏముంది?

మేడం చాలాసేపు కీబోర్డు మీద ఏదో కొట్టింది. "ఆ కీతో మీ కంప్యూటర్ నుంచి తప్ప ఎవరూ లోపలికి రాలేదు," అంది. "మా పెద్దవాళ్ళతో మాట్లాడతాను. కానీ నాకు ఒక ఉత్తరం కావాలి. ఏం జరిగింది, ఎవరి వల్ల జరిగింది, ఇక ఏం చేస్తారు. దాచకుండా రాయండి."

ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. "కొన్ని సాంకేతిక కారణాల వలన" అని మొదలుపెట్టాను. మనకు అలవాటైన వాక్యం కదా. దానికింద ఎన్ని పాపాలైనా పడతాయి. కాక వెనక నిలబడి చదివి, "నా పేరు రాయి బిడ్డా. కాయితం మీద కావాలన్నది నేనే. నువ్వు దుకాణం నడుపుకోవాలె," అన్నాడు.

నన్ను ఎంత తిట్టినా జరగని పని ఆ ఒక్క మాట చేసింది. మొత్తం కొట్టేసి మళ్ళీ రాశాను. నాకు ఈ పని తెలియదనీ, తెలుసని అబద్ధం చెప్పాననీ, కీ ఎవరికీ చూపించొద్దని హెచ్చరించిన మెయిల్ చివరి లైన్లు చదవలేదనీ, ప్రింటు తీసిందీ ఫోటో పెట్టిందీ నేనేననీ. కింద నా పేరు, నా ఫోన్ నంబరు. నా జీవితంలో నేను టైప్ చేసిన దరఖాస్తుల్లో తిరిగి రానిది అదొక్కటే.

శనివారం మధ్యాహ్నం మేడం ఫోన్ చేసింది, పైవాళ్ళు ఒప్పుకున్నారట. ఈసారి కీ ఎవరూ పంపలేదు. ఆవిడ ఫోన్‌లో ఒక్కో అడుగు చెబుతుంటే, సంఘం కంప్యూటర్‌లోనే కొత్త కీ పుట్టింది. అక్కణ్ణుంచి బయటికి వెళ్ళింది కీ కాదు, సర్టిఫికెట్ ఇవ్వండని అడిగే చిన్న అర్జీ ఒక్కటే. ప్రతి అడుగుకూ ఆవిడ "అర్థమైందా?" అనేది. నేను ఆరుసార్లు "కాలేదు మేడం" అన్నాను. మొదటిసారి కష్టమైంది, ఆరోసారికి హాయిగా ఉంది. సర్టిఫికెట్ వచ్చింది. పీఎఫ్ఎక్స్ చేశాం. సాయంత్రం కాకముందే కాక చూపుడువేలితో ఆర్డర్ ఒప్పుకునే బటన్ నొక్కాడు. నర్సవ్వ "ఇంతేనా?" అని లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాతి బుధవారం మొదటి లారీ వెళ్ళింది, అందులో ముందు ఎక్కినవి ఆమె బస్తాలే.

ఇక్కడ కథ కంచికి పోవాలి. పోలేదు.

ఆ రోజు పీఎఫ్ఎక్స్‌కు తాత్కాలికంగా నేనొక పాస్‌వర్డ్ పెట్టాను. మేడం ఖరాకండిగా చెప్పింది. "వారంలోగా చైర్మన్ గారు దాన్ని మార్చాలి. అది చాలా రహస్యం. ఒక్క అక్షరం కూడా తప్పుపోకూడదు." నేను కాకకు ఒకటికి రెండుసార్లు వివరించాను. రహస్యం కాకా, పైలం కాకా, అక్షరం తప్పితే తలుపు తెరవదు కాకా. ఆయన గంభీరంగా తల ఊపాడు.

వారం తర్వాత తీర్మానాల రిజిస్టరు పట్టుకుని దుకాణానికి వచ్చాడు.

"పాస్‌వర్డ్ అయింది బిడ్డా."

"శభాష్ కాకా. మనసుల పెట్టుకున్నవు గదా?"

"నా ఒక్కని మనసుల పెట్టుకునుడెట్ల? సంఘం గదా. రేపు నాకేమన్న అయితె? అందుకే మీటింగు పెట్టిన." రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టాడు. అందులో చక్కటి దస్తూరీతో ఇలా ఉంది: "సంఘం యొక్క అత్యంత రహస్య పాస్‌వర్డ్ ఈ క్రింది విధంగా ఉండవలెనని సభలో మూడుమార్లు చదివి వినిపించి, ఏకగ్రీవముగా ఆమోదించడమైనది." దాని కింద ఆ పాస్‌వర్డ్. దాని కింద నలభై మూడు సంతకాలు, ఏడు వేలిముద్రలు.

"కాకా... ఇది రహస్యం గదా..."

"రహస్యమే. బయటోళ్ళను ఒక్కన్ని గూడ రానియ్యలే. తలుపేసినం."

"మరి ఈ తీర్మానం..."

"రూలు ప్రకారం నోటీసు బోర్డుకు ఎక్కించినం. అక్షరం తప్పద్దన్నవు గదా బిడ్డా, అందుకే పెయింటర్‌ను పిలిచి గింత పెద్దగ రాయించిన. బస్సుల పోయేటోళ్ళకు గూడ కనబడ్తది."

నేను ఆయన్ని ఏమీ అనలేదు. నాకు ఆ హక్కు లేదు. స్కూటర్ తీసి వేల్పూర్ పోయాను, కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో బోర్డు తుడిచాను, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి ఆయన చెవిలో చెప్పాను. ఆయన "ఆఁ? గట్టిగ చెప్పు," అన్నాడు.

అందుకని సకల దేవతల సాక్షిగా, వేడెక్కిన నా లామినేషన్ మిషన్ మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి కాలుతుండగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నాకు తెలియని ఏ ఫైలునూ తెలుసనను. చివరి లైను చదవకుండా ఏ మెయిలూ మూయను. గెజిటెడ్ సంతకం ఉన్నా సరే, దండ వేసినా సరే, ఏ తాళంచెవికీ ప్రింటు తీయను. ఎవరైనా రహస్యం చెప్పమని అడిగితే, ముందు ఆయనకు చెవి డాక్టరును చూపించి, ఆ తర్వాతే చెబుతాను.